మా కోడలు అలిగి పోవడం లేదు

పుంగనూరు బస్సు తప్పిపోతే కొంపేమీ మునగదు. కాసేపాగితే ఇంకో బస్సు వస్తుంది. ఆ సంగతి మదనపల్లెలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ రోజు కండక్టరు నన్ను చూసి కూడా రైట్ రైట్ అన్నాడు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకొని, పుంగనూరులో టమోటాలే దొరకవన్నట్టు పుట్టింటికి తీసుకుపోతున్న సంచి చంకలో ఇరికించుకొని, బస్సు వెంట పడ్డాను. బస్టాండు గేటు దాటి, రోడ్డెక్కి, మలుపులో దాన్ని పట్టుకొని తలుపు మీద ధన్‌మని కొట్టాను.

"ఏమ్మా, పోలీసు సెలక్షన్లకి గాని పోతాండావా?" అన్నాడు కండక్టరు.

జవాబు చెప్పడానికి ఊపిరి లేదు. మూడు టమోటాలు పగిలి చీరంతా రసం. అయినా సీట్లో కూర్చొని నాలో నేనే నవ్వుకుంటున్నాను. పక్కసీటామె కొంచెం భయపడి కిటికీ వైపు జరిగింది. పన్నెండేళ్ళ తర్వాత నేను పరిగెత్తాను మరి.

పన్నెండేళ్ళ ముందు, తొంభైల మొదట్లో, మా పుంగనూరు బడిలో నన్ను మించి పరిగెత్తే పిల్ల లేదు. ఇది నేను చెప్పుకుంటున్నదే. ఇంకెవరూ చెప్పడం లేదు కాబట్టి నాకు తప్పదు. పదో తరగతిలో ఉండగా కుప్పంలో పోటీలు పెట్టారు. మేమంతా వట్టికాళ్ళతో పరిగెత్తేవాళ్ళం. కుప్పం అనేసరికి నాకు మాత్రం బూట్లు వేసుకోవాలని పుట్టింది. స్నేహితురాలి అన్న బూట్లు అడిగి తెచ్చుకున్నాను. అవి రెండు సైజులు పెద్దవి. ముందు భాగంలో పేపరు కుక్కి, లేసును మడమ చుట్టూ రెండు చుట్లు తిప్పి కట్టాను. ఎనిమిది వందల మీటర్ల పందెంలో రెండో రౌండు మలుపు దగ్గర బూటు ఒక వైపు తిరిగింది, నా కుడికాలు ఇంకో వైపు తిరిగింది. అక్కడే ఆగి ఉంటే వారం రోజుల్లో సరిపోయేది. అందరూ చూస్తున్నారని నొప్పి లేనట్టే ముఖం పెట్టి ఇంకో వంద గజాలు లాగాను. గీత కొంచెం దూరంలో ఉందనగా పడిపోయాను. పుత్తూరు కట్టు కట్టించుకొని మూడు నెలలు మంచం మీద ఉన్నాను. తర్వాత మా అమ్మ ఇంట్లో పరుగు అనే మాటే ఎత్తనివ్వలేదు. ఆ తర్వాత పెళ్ళి, మదనపల్లెలో అత్తగారిల్లు, కిరాణా అంగడి, ఒక కూతురు.

బస్సును పట్టుకున్న వారానికి, రోజూ తెల్లవారుజామున పరిగెత్తుతానని ఇంట్లో చెప్పాను.

"ఎవుర్ని తరిమేదానికి?" అన్నాడు మా ఆయన.

మా అత్త చేటలో కందిపప్పు ఏరుతోంది. చేట మొత్తం ఏరింది. తర్వాత తలెత్తింది.

"పరిగెత్తుకో. మళ్ళా ఆ కాలు గాని పాడు జేసుకున్నావంటే బూట్లు ఎత్తి పొయ్యిలో పెడతా. ఆ పొద్దుతో సరి."

ఆమె అన్న పని చేసే మనిషి. కాబట్టి నా పరిస్థితి నాకు స్పష్టంగా తెలుసు. ఎక్కడో ఒకచోట, ఒక్కసారైనా పందెంలో ఆ చివరి గీత దాటాలి. ఈలోపల కాలికి ఏమైనా అయిందా, పరుగు మొత్తానికే ముగిసిపోతుంది.

బూట్ల అంగడిలో నా కొలతకు తెల్ల కాన్వాసు బూట్లు అడిగితే, అంగడాయన "ఏ బడి యూనిఫారానికమ్మా?" అన్నాడు. నాకే అంటే నమ్మలేదు. నేను అక్కడే వేసుకొని అటూ ఇటూ గంతులేసి చూపించాను. ఆయన బేరమాడకుండా ఇచ్చేశాడు, తొందరగా పంపించేయడానికే అనుకుంటాను.

ఇక మొదటి రోజు. మా ప్రాంతంలో పెళ్ళయిన ఆడమనిషి తెల్లవారకముందే బస్టాండు వైపు వడివడిగా పోతోందంటే దానికి ఒకటే అర్థం. మొగుడితో గొడవపడి, అలిగి, పుట్టింటికి పోతోందని. అట్లా పోయేవాళ్ళను ఊరికే వదిలిపెట్టకూడదు. కంటబడినవాళ్ళు ఆపాలి, చెయ్యి పట్టుకొని ఇంటికి తేవాలి, మొగుడికి నాలుగు చీవాట్లు పెట్టాలి, కాపీ తాగి పోవాలి. ఇది మా వీధి మర్యాద. నేనే ఇద్దరిని అట్లా తెచ్చాను.

ఆ సంగతి నాకు ఆ రోజు గుర్తు రాలేదు. ఎదురింటామె ముగ్గు వేస్తూ నన్ను చూసింది. నేను నవ్వి చెయ్యి ఊపాను. ఏడుపు దాచుకోవడానికి నవ్వుతున్నాననుకుంది. ముగ్గు చిప్ప అక్కడే పడేసి, ఇంకో ఇద్దరిని లేపుకొని, ఆటో ఎక్కి నా వెంట పడింది. బస్టాండు ముందర ముగ్గురూ దిగి నన్ను చుట్టుకున్నారు.

"యాడికి పోతాండావమ్మా? బిడ్డ మొగమన్నా సూడల్ల గదా!"

"నేను పరిగెత్తతాండానక్కా."

"అదే మేము గూడా సెప్తాండేది. పరిగెత్తి యాడికి పోతావు?"

నేనెంత చెప్పినా వినలేదు. ఆటోలో మధ్యన కూర్చోబెట్టి ఇంటికి తెచ్చారు. మా ఆయన ఇంకా నిద్రలో ఉన్నాడు. కళ్ళు తెరిచేసరికి మంచం చుట్టూ ముగ్గురు ఆడవాళ్ళు.

"ఏమప్పా, బంగారమట్లా పెండ్లాన్ని యాల ఏడిపిస్తావు?"

ఆయన లేచి కూర్చొని, లుంగీ సర్దుకొని, "తప్పయిపోయిందక్కా, ఇంగెప్పుడూ సెయ్యను" అన్నాడు. ఏ తప్పు గురించో నాకు ఇప్పటికీ చెప్పలేదు. మా అత్తకు విషయమంతా తెలుసు. అయినా ఒక్క మాట అనకుండా అందరికీ కాపీ కలిపి ఇచ్చి, కొడుకు చీవాట్లు తింటుంటే తలుపుకు ఆనుకొని చూసింది.

రెండో రోజు నుంచి తోడుగా మోపెడ్ మీద వస్తానన్నాడు మా ఆయన. మొగుడు వెంట ఉంటే ఎవరూ అనుమానపడరని ఆయన లెక్క. నేను ముందు పరిగెడుతున్నాను, ఆయన వెనక మోపెడ్ మీద వస్తున్నాడు. టమోటా మార్కెట్ యార్డు దాటాక వెనక బండి చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే హమాలీలు టమోటా బాక్సులు దించి రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉన్నారు. ఒకాయన బండి తాళం లాక్కున్నాడు.

"ఆడమనిషిని బండేసుకొని తరుముతాండావే, సిగ్గుండాదా నీకు?"

వెనక్కి పోవాలా వద్దా అని నిజంగా ఆలోచించాను. కానీ ఆ రోజు కాళ్ళు బాగా ఆడుతున్నాయి. కురబలకోట దారిలో నేననుకున్న దూరం పోయి, తిరిగొచ్చి, అప్పుడు విడిపించాను. అప్పటికి ఆయన బాక్సుల మధ్య కూర్చొని వాళ్ళిచ్చిన టీ తాగుతూ, సంసారం ఎట్లా నడపాలో వింటున్నాడు. ఆ తర్వాత మళ్ళీ నాకు తోడు రాలేదు.

మూడో ఉపాయం మా అత్తది. చేతికి పాల క్యాను ఇచ్చింది. "ఇది పట్టుకో, ఎవురూ అడగరు" అంది. నిజంగానే ఎవరూ అడగలేదు. పాలు అయిపోతాయని పాపం పరిగెడుతోందని పక్కకు తప్పుకొని దారి కూడా ఇచ్చారు. పోయేటప్పుడు ఖాళీ క్యాను, వచ్చేటప్పుడు లీటరు పాలు. మూత గట్టిగా పెట్టినా ఇంటికొచ్చేసరికి పైన వెన్న తేలేది. మా అత్తకు అది బాగా నచ్చింది. నెల తిరక్కుండా నా ఎడమ తుంటి పట్టేసింది, కుడి భుజం పైకి లేవడం మానేసింది. ఇంట్లో తెలిస్తే బూట్లు పొయ్యిలోకి పోతాయి. అందుకని ఇంట్లో తలనొప్పి అని చెప్పి డాక్టరు దగ్గరికి పోయి, ఆయనకు మాత్రం నిజం చెప్పాను.

"పరిగెత్తేటప్పుడు చేతిలో ఏమైనా పట్టుకుంటావామ్మా?"

"లీటరు పాలు సార్."

ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. తర్వాత, చేతులు ఖాళీగా పెట్టుకోమన్నాడు. రోజు విడిచి రోజే పరిగెత్తమన్నాడు. పరిగెడుతూ మాట్లాడగలగాలి, మాట్లాడలేకపోతే ఎక్కువ వేగంగా పోతున్నట్టు లెక్క అన్నాడు. మాట్లాడటానికి నాకెవరున్నారు? నాలో నేనే అంగడి సరుకుల పట్టీ పైకి చదువుతూ పరిగెత్తేదాన్ని. బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు, శొంఠి. శొంఠి దగ్గర ఊపిరి అందకపోతే వేగం తగ్గించేదాన్ని. నొప్పులన్నీ పోయాయి. వీధిలో మాత్రం నాకు గాలి సోకిందని అనుకున్నారు. ఎదురింటామె తాయెత్తు కట్టించుకొని రమ్మని అడ్రసు రాసిచ్చింది.

ఆ రోజు మా అత్తకు రోషం వచ్చింది. వాకిట్లో నిలబడి వీధి వీధంతా వినేటట్టు అరిచింది.

"మా కోడలు అలిగీ పోలేదు, దానికి గాలీ సోకలేదు! కుప్పంలో పరుగు పందేనికి పోతాండాది!"

అప్పటికి కుప్పంలో పందెం ఉన్నట్టు నాకు తెలియదు. ఆమెకూ తెలియదు. నేను ఒకప్పుడు అక్కడ పడ్డానని విని ఉంది, నోటికి ఆ ఊరే వచ్చింది. ఆ అబద్ధాన్ని నిజం చేయడానికి నేను రెండు నెలలు పేపర్లు తిరగేశాను. చివరికి జిల్లా పేజీలో ఒక మూల దొరికింది, కుప్పంలోనే, ఆడవాళ్ళకు ఐదు కిలోమీటర్ల పరుగు, ఎవరైనా రావచ్చు.

మా అత్త కూడా బయల్దేరింది. పెద్ద టిఫిన్ డబ్బా నిండా చిత్రాన్నం కలిపి ఒళ్ళో పెట్టుకొని, బస్సులో పక్కనున్నవాళ్ళకంతా పందెం సంగతి చెప్పింది. పలమనేరులో దిగి పోయేవాళ్ళు నాకు చెయ్యి ఊపారు. కుప్పంలో మైకులో ఒకసారి తెలుగులో, ఒకసారి తమిళంలో జాగ్రత్తలు చెప్పారు. నేను రెండింటికీ తలూపాను.

పరుగు మొదలయింది. బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు. పక్కన పరిగెత్తే అమ్మాయి నన్ను వింతగా చూసి ముందుకు పోయింది. పోనీ అనుకున్నాను. మూడు కిలోమీటర్లు హాయిగా గడిచాయి. నాలుగు దాటాక కుడి మడమ పక్కన ఒకసారి చురుక్కుమంది. ఇంకో పది అడుగులకు మళ్ళీ. ఆ తర్వాత అడుగడుక్కీ. నాకు ఆ నొప్పి తెలుసు. పదో తరగతిలో కాలు తిరిగినప్పుడు కూడా సరిగ్గా ఇక్కడే నొచ్చింది.

వీధి చివర రంగు రిబ్బను కనబడుతోంది. రెండు వందల గజాలు కూడా ఉండదు. కళ్ళ ముందే ఉంది. పళ్ళు బిగబట్టి పోతే దాటేయగలను, అది నాకు తెలుసు. దాటాక ఏమవుతుందో కూడా తెలుసు. నేను ఆగిపోయాను. ఒక టీ అంగడి ముందు బెంచీ మీద కూర్చొని బూటు విప్పాను.

గుంపును తోసుకుంటూ మా అత్త వచ్చింది.

"లేమ్మీ! అదో, ఆడ ఉండాది రిబ్బను! లెయ్!"

"కాలు నొస్తాండాది అత్తా."

"నొస్తే నొయ్యనీ! ఇంగ నాలుగడుగులు!"

"కాలు పాడు చేసుకుంటే బూట్లు పొయ్యిలో పెడతానని నువ్వే కదా చెప్పినావు?"

"సెప్పినా! అదంతా ఇప్పుడు యాల?"

నాకు ఏడుపొచ్చింది. చిన్న ఏడుపు కాదు, టీ అంగడాయన గ్లాసు కడగడం ఆపి చూసేంత ఏడుపు. నా వెనక పరిగెత్తినవాళ్ళంతా మమ్మల్ని దాటి పోయారు. ఒక ముసలామె నడుచుకుంటూ పోయి రిబ్బను దాటింది. మా అత్త ఆమెను చూసింది, నన్ను చూసింది, డబ్బా మూత తీసి చిత్రాన్నం ఒక్కతే తినడం మొదలుపెట్టింది.

మదనపల్లె చేరేదాకా నాతో మాట్లాడలేదు. వీధిలో అడిగినవాళ్ళకు నేనే చెప్పాను, మధ్యలో ఆగిపోయానని. అయ్యో అన్నారు. ఎదురింటామె తాయెత్తు మాట మళ్ళీ ఎత్తింది.

పది రోజులకు వాపు పూర్తిగా దిగింది. పదకొండో రోజు తెల్లవారుజామున మెలకువ వచ్చినా నేను లేవలేదు. బూట్లు మంచం కిందే ఉన్నాయి. మా అత్త వచ్చి మంచం అంచున కూర్చుంది.

"కాలు నొస్తాండాదా?"

"లేదు."

"మళ్ళ యాల పడుకోనుండావు?"

"సిగ్గుగా ఉండాది అత్తా."

ఆమె చీర కొంచెం పైకి తీసి మోకాలు చూపించింది. ఎనిమిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం, నేను ఎప్పుడూ చూడలేదు. ఒక పక్కకు వంగి, ఉబ్బి ఉంది.

"నీ వయసులో మొదులయింది. నీళ్ళ బిందె ఎత్తితే కలుక్కుమనేది. కోడల్ని గదా, నొస్తాందని కూసుంటే ఏమనుకుంటారోనని ఈడ్సినా. ఆ పొద్దు నువ్వు కూసుంటే నాకు కడుపు మండిపాయ. ఎందుకో ఇన్నిదినాలు తెలీలేదు." మోకాలు మీద చీర కప్పుకుంది. "నాకు తెలీదు మ్మీ, అట్ల కూసోవచ్చని."

ఆమె వంగలేక వంగి, మంచం కింద నుంచి బూట్లు లాగి నా ముందర పెట్టింది.

"పో. మెల్లిగా పో."

నేను లేసులు కట్టుకొని బయటికి వచ్చాను. మా అత్త గోడ పట్టుకొని, ఒక్కొక్క మెట్టే దిగి, నేను మలుపు తిరిగేదాకా వీధిలో నిలబడింది.