నాచును పెంచలేని చేయి

మా తమ్ముడికి కోపం వస్తే నోటితోపాటు చేయి కూడా లేస్తుంది. ఎవరి మీదికీ కాదు, కాలరు మీదికి. బట్టలు ఉతికి ఇచ్చే దుకాణం నడుపుతున్నాడు కనుక అతనికి కాలర్లకు కొదవ లేదు. ఎవరైనా ఒక మాట తూలితే చాలు, చిన్న బ్రష్షు అందుకుని ఎదుట ఉన్న చొక్కా మెడపట్టీని రుద్దడం మొదలుపెడతాడు. వీధిలో అతన్ని ‘మరకలాయన’ అంటారు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో అతనికి ఇప్పటికీ తేలలేదు; అందువల్ల ఆ పేరు విన్నా కోపమే.

ఆ దుకాణం ముందుగదిలో ఉప్పునీటి చేపల తొట్టి ఒకటి ఉంది. దాన్ని పెట్టింది తమ్ముడు కాదు, అతని దగ్గర ఏళ్ల తరబడి ఇస్త్రీ చేసిన పెద్దాయన. ఇస్త్రీ వేడికి మండే కళ్లు ఆ నీళ్లను చూస్తే చల్లబడతాయనేవాడు. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు తమ్ముడు చూడబోతే, "నా చేపని చూసుకో" అన్నాడట. "నువ్వే వచ్చి చూసుకో, నాకేం పని?" అని కసిరి వచ్చాడు తమ్ముడు. ఆయన తిరిగి రాలేదు. ఆ కసురే తమ్ముడు ఆయనతో అన్న ఆఖరి మాటైంది.

తెల్ల చారలున్న ఆ నారింజరంగు చేప, అది ఒదిగి పడుకునే పువ్వులాంటి సముద్రజీవి, తొట్టిలో మిగిలినవి ఆ రెండే. ఇప్పుడు ఆ పువ్వును నాచు కమ్ముకొస్తోంది. అద్దాలు పచ్చబడి, లోపల చేప ఉందో లేదో తెలియడం లేదు.

"ఏమండీ, తెల్లగా ఉతుకుతామని బయట బోర్డు, గుమ్మంలో ఈ పాచి గోళెం! వచ్చినవాళ్లు మూటతో సహా వెనక్కి పోతున్నారు" అంది మరదలు. "చేపల కొట్టతను తీసుకుంటానన్నాడు. నెలాఖరుకి తేటపడకపోతే ఇచ్చేద్దాం."

"వాడికా? వాడు అమ్ముకుంటాడు!"

"ఇక్కడుంటే చస్తుంది. ఏది నయం?"

తమ్ముడు ఒక కాలరు అందుకుని రుద్దాడు.

కొట్టతను అంటగట్టిన మందు సీసాలన్నీ అప్పటికే అయిపోయాయి. చివరకు ఫోనులో ఎవరో చూపించిన పద్ధతిని పట్టుకుని తమ్ముడు స్వయంగా పని మొదలుపెట్టాడు. పైపుకు పొడవునా సన్నని చీలిక కోశాడు. ప్లాస్టిక్ జాలీ ఒకటి తెచ్చి, నాచుకు పట్టు దొరికేలా రంపపు పళ్లతో గీకి, దాన్ని ఆ చీలికలోంచి వేలాడదీశాడు. చిన్న మోటారు తొట్టి నీటిని పైపులోకి ఎత్తుతుంది. ఆ నీరు జాలీ మీదుగా పలుచని తెరలా జారి మళ్లీ తొట్టిలో పడుతుంది. జాలీకి ఎదురుగా ఎర్రలైటు బిగించాడు.

"ఏంటిది?" అంది మరదలు.

"నాచు పెంచే జాలీ."

"ఉన్న నాచు చాల్లేదా?"

"చెప్పేది వినవేం! నీళ్లలో కలిసిన మురికే నాచుకి తిండి. ఇక్కడ లైటూ పారే నీళ్లూ ఉన్నాయి కాబట్టి నాచు ఈ జాలీ మీదే బలిసి, ఆ తిండంతా లాగేస్తుంది. తొట్టిలో ఉన్నది తిండి లేక చస్తుంది. వారానికోసారి దీన్ని సగం గీకి పారేస్తే సరి."

"బట్టలుతికేవాడు పాచి పెంచడం! ఇదొక్కటే మిగిలింది."

మూడో వారానికి కూడా జాలీ ఉతికిన చొక్కాలా తెల్లగానే ఉంది. తొట్టి మాత్రం మరింత పచ్చబడింది. మేత వేసినా చేప పైకి రావడం మానేసింది. తమ్ముడు మోటారును తిట్టాడు, పైపును తిట్టాడు, ఆఖరికి భార్య మీద పడ్డాడు.

"నువ్వే తుడిచేస్తున్నావు!"

"నాకు మీ పాచి తుడిచే తీరిక కూడానా? వేలు పెడితే ఒట్టు!"

మరునాడు నేను కిటికీ తెరలు ఇవ్వడానికి వెళ్లేసరికి, తమ్ముడు తొట్టి పక్కన నిలబడి లైటు అమ్మినవాడితో ఫోనులో పోట్లాడుతున్నాడు. "ఒక్క పోగు పట్టలేదయ్యా! అది లైటా, బొమ్మా?" అని అరుస్తున్నాడు. మరదలు నా మోచేయి గిల్లింది.

"వదినా, మాట్లాడకండి. ఆ చేయి చూడండి."

ఎడమచేతిలో ఫోను. కుడిచేతిలో బ్రష్షు. అప్పుడప్పుడే జాలీ మీద పట్టిన గోధుమరంగు జిగురును ఆ చేయి కాలరును రుద్దినట్టు మూలమూలలా రుద్దుతోంది. చేతి సంగతి తమ్ముడికి తెలియదు.

"ఏమండీ! మీరు రుద్దుతున్నదేంటి?"

తమ్ముడు తన చేతిని ఎవరిదో చేతిలా చూశాడు. ఫోనులో అవతలివాడు ‘హలో, హలో’ అంటూనే ఉన్నాడు. ఇన్నాళ్లూ జాలీ తెల్లగా ఉందన్న కోపంతో రోజూ ఆ జాలీనే తోముతున్నాడన్నమాట!

"ఈ చేతిని విరగ్గొట్టాలి!" అన్నాడు పళ్లు కొరుకుతూ.

"విరిగితే కాలర్లెవరు తోముతారు? ఇటివ్వండి."

మరదలు బ్రష్షుకు గట్టి తాడు కట్టి, ఆ తాడు రెండో కొసను కౌంటరు కాలికి ముడివేసింది. తొట్టికి జానెడు ఇవతలే ఆగిపోయేంత పొడవు. తరువాత ఎన్ని కోపాలు వచ్చినా, ఎన్నిసార్లు కాళ్లు అటు నడిచినా, తాడు బిగిసి అతన్ని కాలర్ల దగ్గరకు లాక్కొచ్చేది. తాడును తిట్టాడు, ముడి విప్పలేదు. జాలీ మొదట గోధుమరంగుకు, పిదప ముదురు పచ్చకు తిరిగింది.

నెలాఖరున చేపల కొట్టతను సంచితో వచ్చాడు. అద్దాలు పూర్తిగా తేటపడలేదు. కానీ పువ్వు విచ్చుకుని ఉంది, దాని నడుమనుంచి చేప తొంగి చూస్తోంది.

"తొట్టి బాగానే ఉందే! పైన ఈ జాలీ ఏంటి, ఇంత పాచి పట్టింది? కడగరా?" అంటూ అతను చేయి చాచాడు.

"చెయ్యి తియ్!"

ఆ కేకకు వీధిలో నడిచేవాళ్లు ఆగారు. బ్రష్షు తాడు తంత్రిలా బిగిసింది. "ముట్టుకున్నావంటే నీ కొట్టులో ఒక్క సీసా మిగలదు!"

కొట్టతను ఖాళీ సంచితోనే వెళ్లిపోయాడు. తమ్ముడు ఒక చొక్కా లాక్కుని రుద్దసాగాడు. రుద్దుతూనే, మూలన ఖాళీగా ఉన్న పెద్దాయన ఇస్త్రీ బల్ల వైపు తల ఎత్తకుండా, "వచ్చి చూసుకో మరి, ఉంది" అని కసిరాడు.

"చాలు, ఆ కాలరు చిరుగుతుంది" అంది మరదలు మెల్లగా.