పోయే ఈల, వచ్చే ఈల

మా పక్కింటి సారు పోయారు. తాండూరు బజారులో చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది, తెలియనివారికి నేను చెబుతున్నాను. చూడటానికి వచ్చిన డాక్టరు, ప్రాణం మధ్యాహ్నమే పోయిందన్నాడు. ఒళ్ళు అప్పటికే బిగుసుకుంది. కాదనడానికి నేనెవరిని? కాని దీపాలు పెట్టే వేళ ఆయన రేడియో నుంచి మా రేడియోలోకి ఈల వచ్చింది. నేను విన్నాను, మా అత్త వింది. ఆ ఈల సంగతి చెప్పకుండా సారు గురించి చెప్పడం నాకు చేతకాదు.

సారు వికారాబాద్ బడిలో పాఠాలు చెప్పి, పెన్షన్ వచ్చాక పుట్టిన ఊరని తాండూరు చేరారు. భార్య అప్పటికే లేదు. ఒక్కతే బిడ్డ, ఆమెను వికారాబాద్‌లోనే ఇచ్చారు. ఆమె రమ్మని ఎన్నిసార్లు పిలిచినా, "అల్లుని ఇంట్ల రేడియో గట్టిగ వెట్టుకుంటే బాగుండదు బిడ్డా" అనేవారు. అది ఉత్త మాట. ఆయన రేడియో ఎన్నడూ గట్టిగా పెట్టలేదు. చెవి డబ్బాకు ఆనించి, రహస్యం వింటున్నట్టు వినేవారు.

మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు. మా సందు తలుపు తీస్తే ఎదురుగా ఆయన తలుపే.

మా ఇంట్లో రేడియో ముందునుంచీ ఉంది. మాది బండల మిద్దె, మా ఆయనది బండల వ్యాపారమే కనుక. మిద్దె మీద రెండు వెదురు గడలు పాతి, వాటి మధ్య రాగి తీగ లాగించారు. ఆ తీగ ఉంటేనే దూరదేశపు మాట వినపడుతుంది. సారుది పాత పెంకుటిల్లు, గడ పాతడానికి వీలు లేదు. రేడియో కొన్న రోజున వచ్చి గడపలో నిలబడ్డారు.

"అమ్మా, మీ తీగకు జర నేను గూడ ఒక కొస కట్టుకోవచ్చునా?" అని మా అత్తను అడిగారు.

"తీగ ఏమన్న అరుగుతదా సారు? కట్టుకో" అంది అత్త.

తీగ అరగదు గాని మాట అరుగుతుందని మాకు ఆ సాయంత్రమే తెలిసింది. ఆయన రేడియో పెట్టగానే మా దాంట్లో ఢిల్లీ వార్తల గొంతు సగానికి పడిపోయింది. ఒక గ్లాసు పాలు ఇద్దరికి పోసినట్టే. మా ఆయన మీట తిప్పి గొంతు పెంచుకుంటూ, "మన సగం వార్తలు సారు మింగుతుండు" అని గొణిగేవారు. గొణుగుడు ఏళ్ళ తరబడి సాగింది. కొస మాత్రం విప్పలేదు.

గొంతు తగ్గితే తగ్గింది, ఆ తర్వాత మొదలైంది అసలు సంగతి. వార్తలు చదువుతుంటే మధ్యలో ఎక్కడినుంచో సన్నగా ఈల. సన్నగా మొదలై, లావై, చదివే మనిషి గొంతు మీదుగా దాటి, మళ్ళీ సన్నబడి పోయేది. రైలు కూత కాదు, పిట్ట కాదు. వింటుంటే మెడ మీద ఎవరో ఊదినట్టు ఉండేది. మా అత్త కొన్నాళ్ళు ఊరుకుంది. ఒకనాడు ఉప్పూ మిరపకాయలూ తెచ్చి రేడియోకు దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గాం. మర్నాడు ఈల మామూలుగానే వచ్చింది.

ఇక లాభం లేదని సందులో నిలబడి నేనే అడిగాను. "ఏంది సారు, మీరు తీగ కట్టినకాడికెల్లి మా రేడియో గిట్ల ఈల వేస్తున్నది?"

సారు పకపకా నవ్వారు. "అది నేనే బిడ్డా. ఒక్క తీగకు రెండు డబ్బాలు కట్టినం గద. నా రేడియో ముల్లు మీ ఢిల్లీకి వేలెడు కింద తిరిగితే నా డబ్బల పుట్టిన కూత తీగ మీదికెల్లి మీ ఇంట్లకు వస్తది. సాయంత్రం అందరు బల్బులు ఏసి కరెంటు పడిపోతే, నేను ముట్టకున్న ముల్లు మీద స్టేషన్ జారుతది."

తలుపు వెనుక నుంచి మా అత్త అంతా వింది. "దయ్యం కాదంటవు, నువ్వేనంటవు. మంచిదే. మరి ఈల పోతది గాని తిరిగి రాదేంది సారు? ఇంట్లకెల్లి పోయేటోడు పోత అనొద్దు, పోయొస్త అనాలె. గింత సదువుకున్నవు, నీకు జెప్పాల్నా?"

ఆ రోజు నుంచి సారు ఈల పోయొచ్చేది. దీపాలు పెట్టే వేళ ముల్లును ఆ వేలెడు కింది చోటు మీదుగా ఒకసారి పైకి తిప్పేవారు, కొంచెం ఆగి మళ్ళీ కిందికి తెచ్చేవారు. పోయే ఈల, వచ్చే ఈల. రెండోది వినగానే మా అత్త లేచి సందు తలుపుకు గడియ పెట్టేది. పొద్దు అయిపోయినట్టు లెక్క. అంతవరకూ ఎంత చలిగా ఉన్నా తలుపు వెయ్యనిచ్చేది కాదు.

సారు మాటలు కొన్ని నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. రేడియోలో గరగర వస్తే విసుక్కునేదాన్ని. "ఫికర్ జెయ్యకు బిడ్డా. షార్ట్ వేవుల నూరు తీర్ల అరుపులుంటయి. అన్నింటికి జవాబు జెప్పొద్దు" అనేవారు. పిల్లలు పోట్లాడుకుంటుంటే, "ఒక్క తీగకు ఉన్నోళ్ళం, కొట్లాడుకుంటే ఇద్దరికీ వినబడది" అనేవారు. ఇంకొక మాట ఉంది. అది నవ్వుతూ అన్నది కాదు. "రేడియో మాట్లాడుతున్నదని మనిషి ఉన్నడనుకోకు."

ఆ మాట ఎందుకన్నారో ఒకసారి చెప్పారు. పోలీస్ యాక్షన్ అయిన రోజులవి, నలభై ఎనిమిది. ఆయన అప్పుడు వికారాబాద్‌లో ఉండేవారు. ఏ తలుపూ తెరిచేవారు లేరు, ఎవరి భయం వారిది. వాళ్ళ గల్లీలో ఒంటరిగా ఉండే ఒక ముసలి వకీలు సాబుకు బ్యాటరీ రేడియో ఉండేది. సారు ఆ తలుపు ముందునుంచి పోతుంటే లోపల రేడియో మాట్లాడుతూ ఉండేది. ఉన్నాడులే, వార్తలు వింటున్నాడులే అనుకుని, ధైర్యం తెచ్చుకుని ముందుకు పోయేవారట. గల్లీ అంతా అట్లాగే అనుకుంది. రోజురోజుకూ రేడియో గొంతు సన్నబడింది. బ్యాటరీ అయిపోయి నోరు మూతపడ్డాకనే తలుపు తోశారు. వకీలు సాబు పోయి చాలా రోజులైంది. అన్ని రోజులూ ఆ రేడియో శవంతో మాట్లాడుతూనే ఉంది.

"నాకు సావంటె భయం లేదు బిడ్డా. గట్ల పడి ఉండుడే భయం" అన్నారు సారు.

మొన్నటి చలికాలంలో ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చి తగ్గింది. బిడ్డ వచ్చి వికారాబాద్ తీసుకుపోతానని ఏడ్చింది. ఆయన కదలలేదు. ఆమె రైలెక్కి పోయాక మా ఇంటికి వచ్చి మా అత్త ముందు కూర్చున్నారు.

"అమ్మా, ఇగ నేను లోపల గడియ వెట్ట. పోయే ఈల వచ్చి, వచ్చే ఈల రాకుంటె మీరు లోపలికి రాండ్రి. పొద్దున దాక ఆగొద్దు."

"అసలు ఏ ఈల రాకుంటెనో?"

"గప్పుడు గూడ రాండ్రి. కని ఒకటే వస్తే మాత్రం ఉరికి రాండ్రి."

"ఉరికొస్తం సారు" అంది అత్త. మా అత్త మాట ఇస్తే ఇచ్చినట్టే.

ఆయన పోయిన రోజు సాయంత్రం నేను రేడియో పెట్టాను. ఢిల్లీ గొంతు సగమే వచ్చింది కనుక సారు రేడియో పెట్టే ఉందనుకున్నాను. వీధిలో కొట్లన్నీ బల్బులు వేశాయి, మా బల్బు ఎర్రబడింది. అప్పుడు ఈల మొదలైంది. రోజూ గబుక్కున దాటేది, ఆనాడు చాలా నిదానంగా వచ్చింది. చీకట్లో గోడ తడుముకుంటూ నడిచేవారి తీరు. వార్తలు చదివే మనిషి గొంతు మీదికి ఎక్కి, అక్కడే కొంతసేపు ఆగి, సన్నబడి సన్నబడి పోయింది.

అత్త రొట్టె కొడుతున్నదల్లా చెయ్యి ఆపింది. ఇద్దరం ఎదురు చూశాం. రెండోది రాలేదు.

"పోయింది. రాలే" అంది అత్త. అప్పటికే లేచింది.

మా ఆయనను కేకేసి ముగ్గురం సందు దాటాం. తలుపు తోస్తే తెరుచుకుంది. ఇంట్లో దీపం లేదు. రేడియో మీది చిన్న వెలుతురే గదిలో ఉంది. సారు కుర్చీలో, ఎప్పటిలాగే చెవి డబ్బాకు ఆనించి ఉన్నారు. రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి. రేడియో సన్నని గొంతుతో ఏదో భాషలో మాట్లాడుతున్నది, ఆగి ఆగి, ఎవరో జవాబు చెబుతుంటే వింటున్నట్టు.

"కన్నడమా?" అన్నారు మా ఆయన, ఏమనాలో తోచక.

కన్నడం మాకు తెలియనిది కాదు. అది కన్నడం కాదు. నాకు తెలిసిన ఏ భాషా కాదు.

అత్త పోయి సారు చెయ్యి ముట్టి చూసింది. తర్వాత మీట తిప్పి రేడియో కట్టేసింది. "ఇగ సాలు తియ్యి. మేమొచ్చినం" అంది. రేడియోతో అన్నదో, సారుతో అన్నదో నేను అడగలేదు.

కరెంటు పడిపోయి స్టేషన్ జారి ఉంటుందని రేడియోలు బాగుచేసే అబ్బాయి చెప్పాడు. సారు కూడా ఆ మాట ఎన్నడో చెప్పారు కదా, నేను నమ్ముతాను. మధ్యాహ్నం రేడియో పెట్టి ఆయన పోయారు, సాయంత్రం అది తనంతట తాను జారింది. జారేది ఒక్క దిక్కుకే జారుతుంది, అందుకే తిరిగి రాలేదు. అంతా సరిపోయింది. సరిపోయినా నాకు నిద్ర పట్టలేదు. వకీలు సాబు రేడియో మనిషి ఉన్నాడని అబద్ధం చెప్పింది. సారు రేడియో మనిషి లేడని పిలిచి చెప్పింది. ఆయన పడి ఉండలేదు, తెల్లారేదాకా అత్త పక్కనే కూర్చుంది. దానికి నేను ఎవరికి దండం పెట్టాలో తెలియక రాగి తీగకు పెట్టాను.

కర్మకాండ వికారాబాద్‌లో జరిగింది. బిడ్డ రేడియోను దుప్పటిలో చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోయింది. ఆయన వైపు తీగ కొసను నేను కిటికీ ఊచకు ముడివేశాను. దినాలు అయ్యేదాకా మేము రేడియో పెట్టలేదు. అన్నాళ్ళూ మా అత్త సందు తలుపుకు గడియ పెట్టలేదు. కుక్కలు వస్తాయని మా ఆయన అంటే, "వచ్చే ఈల రాలే గద. ఎట్ల వెడుత?" అంది. రాత్రిళ్ళు ఆ తలుపు ఓరగా తెరుచుకునే ఉండేది. అటు చూడకుండా పడుకోవడం నాకు అలవాటు కాలేదు.

దినాలు అయ్యాక మా ఆయన రేడియో పెట్టారు. ఢిల్లీ గొంతు ఇల్లు అదిరేట్టు నిండుగా వచ్చింది. సగం సారు మింగుతున్నాడని ఇన్నేళ్ళు గొణిగిన మనిషి, ఎవరూ చెప్పకముందే మీట తిప్పి ఆ గొంతును పాత సగానికి తెచ్చారు. కళ్ళు తుడుచుకున్నారు.

వార్తలు అయిపోవస్తుండగా ఎక్కడో సన్నగా ఈల మొదలైంది. నిదానంగా వచ్చి, గొంతు మీదుగా దాటి, మా స్టేషన్ పక్కన ఆగిపోయింది. షార్ట్ వేవులో నూరు తీర్ల అరుపులుంటాయి, నాకు తెలుసు. పక్క ఇంట్లో రేడియో లేదు, తీగ కొస ఊచకే ఉంది, అదీ తెలుసు.

"వచ్చిండా?" అంది అత్త.

"ఆఁ" అన్నాను. వేరే మాట నా నోటికి రాలేదు.

అత్త లేచి, పిండి చేతులు కొంగుకు తుడుచుకుని సందు తలుపు దగ్గరికి పోయింది. రెక్క పట్టుకుని, ఎవరికో దారి ఇస్తున్నట్టు ఒక పక్కకు ఒదిగి నిలబడింది. తర్వాత తలుపు మూసి గడియ పెట్టింది.