సువార్తమ్మ మోకాలి నొప్పి

కాశిబుగ్గలో సువార్తమ్మంత బక్కపలచని మనిషి ఇంకొకరు లేరు. కొక్కేనికి చీర తగిలించినట్టు ఉండేది. చర్చిలో మాత్రం పేరు పెద్దది. ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాలు నలభై రోజులూ పొద్దుగూకేదాకా మంచినీళ్లు కూడా ముట్టదని ఆడవాళ్లంతా గొప్పగా చెప్పుకునేవారు.

ఈ ఏడు ఆ నలభై రోజుల నడుమే ఆమె కుడి తొడ లోపలి నుంచి మోకాలిదాకా గుంజడం మొదలైంది. మోకరించి మోకరించి అరిగిందన్నారు ఇంట్లోవాళ్లు. కొబ్బరినూనె రాశారు. అన్నం తినకపోతే ఉపవాసమే కదా అనుకున్నారు. పెరట్లో వాంతి చేసుకుని మీద మన్ను కప్పేస్తున్న సంగతి ఎవరికీ తెలియదు.

చివరికి మంచం దిగలేకపోతే, మనవరాలు కీర్తన ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టరమ్మ సుభాషిణి మోకాలు నొక్కితే నొప్పి లేదు. కాలు పక్కకు జరిపి లోపలికి తిప్పగానే సువార్తమ్మ కెవ్వుమంది.

"వాంతులైనయా అవ్వా?"

"లేదు బిడ్డా. ఉపాసమున్న. కడుపుల ఏముందని వస్తది?"

"మోకాలు మంచిగనే ఉంది. లోపల పేగు ఇరుక్కుంటే నొప్పి ఇట్ల కాలుకు దిగుతది. దాస్తే పేగు కుళ్లి పానం మీదికొస్తది."

సువార్తమ్మకు భయం వేయలేదు. ఆ ప్రాణం పక్కింటివాళ్లదైనట్టు విన్నది. పేరు పోతుందన్న దిగులొక్కటే ఎక్కడో మిణుకుమంది.

"పాస్టరమ్మ ఈడ లేదు నానమ్మా. చెప్పు," అంది కీర్తన.

"మట్టెవాడ బజార్ల మిర్చిబజ్జీలు తిన్ననే. పట్టపగలే."

"ఉపాసంలనా?"

"కొంగు కప్పుకొనే తిన్న. అప్పటిసంది కక్కుడే. దేవుడు కోపం చేసిండనుకున్న."

"దేవునికి వేరే పనే లేదా ముసల్దానా!" అంది కీర్తన.

వెంటనే స్కాన్ తీశారు. తుంటి ఎముకలో అందరికీ ఉండే సందే, ఒంట్లో కొవ్వు కరిగి వదులైంది. అందులోకి పేగు జారి బిగుసుకుంది. బయటికి ఏ వాపూ కనపడని అరుదైన హెర్నియా అది. పొట్ట కోసి పేగును బయటికి లాగారు. నల్లబడ్డ ముక్క తీసేసి, కొనలు కలిపి, సందు కుట్టేశారు.

మెలకువ వచ్చాక డాక్టరమ్మ చెప్పింది: "ఇంకో పూట ఆగితే దక్కకపోదువు అవ్వా."

కీర్తన ఏడ్చేసింది. సువార్తమ్మ తనూ ఏడవాలేమోనని కాసేపు చూసింది. ఏమీ రాలేదు. ఒళ్లంతా తడిసిన గోనెసంచిలా పడివుంది.

"ఏడువకే," అంది. "మంచినీళ్లు ఎప్పుడిస్తరో అడుగు."