ఉండొచ్చు కాక

మా కాక పోయాడని శుక్రవారం పొద్దున గోదావరిఖని నుంచి ఫోన్ వచ్చింది. గుండె ఆగిందట. కాక అంటే మా నాన్న తమ్ముడు, బొగ్గుబాయిలో చేసి రిటైరైనవాడు. ఫోన్ పెట్టేశాక నా చెవుల్లో ఆయన వేళ్ల కణుపుల చప్పుడే మోగింది.

బాయిలోకి దిగినవాళ్లు పైకప్పును కట్టెతో కొట్టి చూసిగానీ దాని కింద నిలబడరు. గట్టిగా పలికితే సరే, డొల్లగా పలికితే తప్పుకోవాలి. కాక ఆ అలవాటును బాయిలోనే వదిలి రాలేదు. ఎర్రబస్సయినా, పెళ్లివారి గదైనా, పైన తట్టి విని, "ఉండొచ్చు" అన్నాకే కూర్చునేవాడు. మా గృహప్రవేశంలో అయ్యగారు మంత్రాలు చదువుతుంటే ఈయన కుర్చీ ఎక్కి కప్పు తట్టాడు.

రెండేళ్ల క్రితం ఆయనకు మాట తడబడి, కుడిచేయి పట్టు తప్పింది. మెడలో ఎడమవైపు రక్తనాళం సన్నబడిందన్నారు. మెదడుకు రక్తం సరిపడా అందుతుంటే మందులు చాలు, లేదంటే ఆపరేషన్. కాకకు కత్తి అంటే హడల్. కిడ్నీలు బలహీనం కాబట్టి, రక్తం దారి కనబడేందుకు నరంలోకి ఎక్కించే రంగుమందు వాడే వీల్లేదు. కరీంనగర్లో నేను ఎమ్మారై తీసే చోటికే తీసుకొచ్చారు.

సూది గుచ్చకుండా రక్తప్రవాహాన్ని చూసే పద్ధతి ఒకటుంది. మెడ దగ్గర రక్తంలోని నీటికి అయస్కాంతంతో గుర్తు పెడతాం. ఆ రక్తం మెదడుకు చేరే దాకా ఒక్క క్షణం ఆగి బొమ్మ తీస్తాం. ఆలస్యమైతే గుర్తే చెరిగిపోతుంది. ఎన్నిసార్లు చేసినా నాకు వింతగానే ఉంటుంది. మనిషి మాత్రం కదలకూడదు.

కాక కదిలాడు. బొమ్మంతా అలుక్కుపోయింది. అద్దంలోంచి చూద్దును కదా, గొట్టంలో పడుకుని ఎడమచేత్తో పైన తడుతున్నాడు!

"గదేంది కాక! కదలొద్దన్న గదా?"

"పైన సూడకుంట ఎట్ల పండాలె బిడ్డా?" మాట ముద్దగా వచ్చింది.

దగ్గరికెళ్లి ఆ కళ్లలో భయం చూశాక నా కోపం ఎటో పోయింది. నేనే చెయ్యి లోపలికి పెట్టి తట్టి, విన్నాను. "ఉండొచ్చు కాక" అన్నాను. ఇక ఆయన వేలు కూడా కదపలేదు.

ఈసారి బొమ్మలో ఎడమవైపు రక్తం చేరనట్టు నల్లగా ఉంది. ఇంకొంచెం ఎక్కువ ఆగి తీస్తే అక్కడా వెలుగు కనిపించింది. సన్నబడిన దారిని వదిలి, రక్తం కుడివైపు నుంచి చుట్టు తిరిగి చేరుతోంది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు డాక్టర్.

కాక కంప్యూటర్ తెర ముందు నిలబడిపోయాడు. "గిదంత నా నెత్తురేనా?"

"నీదే కాక. వేరే తొవ్వ పట్టుకొని వచ్చింది."

"నేను నిద్రవోయినప్పుడు గూడనా?"

"అప్పుడు గూడ."

తెర మీది వెలుగును వేలితో ముట్టుకుని అన్నాడు: "మనకు తెల్వకుంటనే లోపట ఎంత డ్యూటీ నడుస్తున్నది బిడ్డా!" ఆ తర్వాత బతికినన్నాళ్లూ, ఇంటికి వచ్చినవాళ్లందరికీ తల ముట్టుకుని మరీ ఈ మాట చెప్పాడు.

శుక్రవారం మధ్యాహ్నం వాకిట్లో అద్దాల ఫ్రీజర్ పెట్టెలో పడుకుని ఉన్నాడు. దండ వేయబోతుంటే, తట్టి చూడకుండా కాక ఒక కప్పు కింద పడుకోవడం ఇదే మొదటిసారని తోచింది. మూత మీద రెండుసార్లు తట్టాను. చిన్నమ్మ ఏడుపు ఆపి నావైపు చూసింది. చల్లటి అద్దానికి చెవి ఆనించి విన్నాను.

"ఉండొచ్చు కాక" అన్నాను.