విరిగితే నాది

దాచేపల్లిలో ఆదిల్ షెడ్డుకు వచ్చే కార్లన్నిటికీ ఒకటే రోగం, తుప్పు. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము మీద వాన పడి గట్టిపడితే బోల్టేదో రాయేదో తేలదు. అందుకే ఇరవై ఏళ్లుగా ఆదిల్‌ది ఒక పద్ధతి. తుప్పు బోల్టుకు పానా వేసే ముందు బండి యజమానిని వంగమని, దాన్ని చేత్తో ముట్టించి, "విరిగితే నాది" అనిపిస్తాడు. అననివాళ్ల బండి జోలికి పోడు. ఊళ్లో దీనికి ఆదిల్ ఒట్టు అని పేరు కూడా పెట్టారు.

నాగేశ్వరరావుతో మాత్రం అనిపించలేకపోయాడు. డెబ్బై ఏళ్ల పెద్దరైతు. షెడ్డు ఉన్న స్థలం ఆయనదే. మడత నలగని పంచెతో కూర్చున్న మనిషిని మట్టిలో వంగమని ఎట్లా అంటాడు? మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉండనే ఉంది.

ఆయన కారు ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ బోల్టు ఎంత నూనె పోసినా కదల్లేదు. పానాకు పైపు తొడిగి నొక్కాడు. టప్పున విరిగి, సగం లోపలే ఉండిపోయింది.

"ఏందిరా ఆ చప్పుడు?" నాగేశ్వరరావు లేచాడు.

"బోల్టు ఇరిగింది బాబాయ్. చానా తుప్పు. ఆర్మ్ మొత్తం మార్చాల. నాలుగు వేలవుద్ది."

"ఇరగ్గొట్టింది నువ్వు, ఇచ్చేది నేనా? నడుచుకుంటా వచ్చిన బండిరా ఇది!"

షెడ్డు ముందు బెంచీ మీద తమ బండ్ల కోసం కూర్చున్న ముగ్గురూ మాటలు ఆపేశారు. ముగ్గురూ ఒట్టు వేసినవాళ్లే, విరిగినప్పుడు నోరెత్తకుండా ఇచ్చినవాళ్లే. ఆదిల్‌కు రెండువైపులా చిక్కే. ఒట్టు వేయించకుండా ఈయన దగ్గర తీసుకుంటే రేపటినుంచి తన ఒట్టుకు విలువుండదు. తీసుకోకపోతే కూతురి హాస్టలు ఫీజు పోయినట్టే. నాగేశ్వరరావు మీదకన్నా తన మీదే అతనికి ఒళ్లు మండింది.

"మీ చేత ముట్టించలా బాబాయ్. తప్పు నాది. ఆర్మ్ నా డబ్బులతో నేనే ఏస్తా."

సాయంత్రం నాగేశ్వరరావు బండి తీసుకుని వెళ్లిపోయాడు. స్థలం ఖాళీ చెయ్యమని కబురొస్తుందేమోనని పదిరోజులు ఆదిల్‌కు అన్నం సహించలేదు.

పదకొండో రోజు అదే కారు వచ్చింది. ఈసారి రెండో వైపు చక్రం చప్పుడు. బెంచీ మీద మళ్లీ జనం. ఏదైతే అదయిందని ఆదిల్ గుండె చిక్కబట్టుకున్నాడు.

"బాబాయ్, ఒక్కసారి వంగి..."

మాట పూర్తికాకముందే ముసలాయన పంచె ఎగ్గట్టి, గోనెపట్టా మీద మోకాళ్లూని, చక్రం వెనక చెయ్యి పెట్టాడు. లేచేసరికి వేళ్లు తుప్పుతో ఎర్రగా ఉన్నాయి.

"ఇరిగితే నాది," అన్నాడు బెంచీ దాకా వినపడేట్టు. జేబులోంచి మడిచిన నోట్లు తీసి ఆదిల్ చేతిలో పెట్టాడు. "మొన్న ఇరిగింది కూడా నాదేరా."