వంతెన మీద టకటక

నర్సుగా రిటైరైనా ఆవిడ చెయ్యి ఊరుకోదు. పాత పెద్ద కారెక్కే ముందు, జ్వరం చూసినట్టు బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తుంది. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని వట్టి కాళ్లతోనే నడుపుతుంది. కారు భర్తది, ఆయన పోయాక పట్టుబట్టి నేర్చుకుంది. ఆయన ఎప్పుడూ ఖరీదైన పెట్రోలే పోయించేవాడు. అదంతా డాబేనని దెప్పేది, తను మాత్రం మామూలుదే పోయిస్తోంది. ఈమధ్య వంతెన ఎక్కేటప్పుడల్లా ఇంజన్ టకటకా కొట్టుకుంటోంది.

"దీనికీ వయసైపోయిందే, అమ్మేద్దాం," అంది కోడలితో, గొంతు గట్టిగానే పెట్టుకుని. కొనేవాడు సాయంత్రం వస్తానన్నాడు. ట్యాంకు అడుగంటిందని ఇద్దరూ బంకుకెళ్లారు. కోడలు దిగి, ట్యాంకు మూత లోపలివైపు పేరుకున్న మట్టిని వేలితో తుడిచింది. కింద స్టిక్కరుంది: పెట్రోలు తొంభై అయిదు ఆక్టేన్‌కి తగ్గకూడదు. అంటే ఆ ఖరీదైన రకమే.

"అత్తయ్యా, ఏం తింటున్నారో అడక్కుండా ఎవరికీ వయసైపోయిందని చెప్పకూడదని మీరేగా అంటారు?"

ఆవిడ నాలిక్కరుచుకుంది. ఆయన పోయించే పెట్రోలే నిండా పోయించింది. వంతెన ఎక్కుతుంటే ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. టకటక లేదు. వంతెన దిగాక కారు పక్కకి ఆపి, కొనేవాడికి ఫోన్ చేసింది.

"రాకండి బాబూ! దానికొచ్చింది ముసలితనం కాదు, నేను పెట్టిన పత్యం."