అత్తగారి ముందు పళ్లెం

నకూరు బస్టాండు వెనకున్న హోటల్లో మకోఖా వంటవాడు. పడమట బుంగోమా వైపు పుట్టిన బుకుసు మనిషి, అంటే లూయా జాతిలో ఒక తెగవాడు. పెళ్లయిన కొత్తలో పని వెతుక్కుంటూ వచ్చాడు. గిన్నెలు తోమాడు, ఉల్లిపాయలు తరిగాడు, ఆఖరికి పొయ్యి దగ్గర పెద్దవాడయ్యాడు. అతను వండిన చేపల కూర కోసం లారీ డ్రైవర్లు పనిగట్టుకుని ఆ హోటలు ముందే బండి ఆపుతారు. ఇంతకీ ఆ మనిషి తిండి ఎంతనుకున్నారు? పొద్దున ఒక కప్పు టీ, సాయంత్రం గుప్పెడు ఉగాలి, అంటే మొక్కజొన్న పిండి ముద్ద, అందులోకి కాస్త ఆకుకూర. రోజంతా పొయ్యి సెగ, వంట వాసన మింగేవాడికి ఇక ఆకలెక్కడుంటుంది?

ఈ సంగతి మేనేజరు గిచుకి కంటికి ఆనలేదు. ఆయనకు మనుషులు కనపడరు, జాతులే కనపడతాయి. గదులు ఊడ్చే కంబా జాతి పిల్ల ఎదురైతే, టీలో మందు కలపకే తల్లీ, చేతబడి మీ ఇంటి విద్యేగా అంటాడు. వెయిటరు ఒగోలా లువో మనిషి, వాళ్లకి డాబెక్కువని పేరు. అతను చొక్కా ఇస్త్రీ చేసుకొస్తే, దొరవారు వేంచేశారు, కుర్చీ వెయ్యండి అంటాడు. ఇక మకోఖా కనపడితే, కోళ్లు దాచెయ్యండ్రా, లూయావాడు వస్తున్నాడు అనడం రివాజు. లూయావాళ్లు కోడంటే పడిచస్తారని ఎకసెక్కం. ఇవాళ ఒకరి వంతు, రేపు ఇంకొకరిది. వంతు తప్పినవాళ్లంతా నవ్వేవాళ్లు. నవ్వక చస్తారా, సెలవులివ్వాల్సిందీ ఉద్యోగం ఊడగొట్టాల్సిందీ ఆ నోరేగా! గిచుకి జాతివాళ్లు ఆ వీధిలోనే ఎంతమంది లేరు, మకోఖాని అన్నా అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాళ్లు. తప్పు పుట్టుకది కాదు, ఆ నోటి కొవ్వుది.

మాటలతో ఆగినా బాగుండేది. ఒకసారి ఎవరిదో పుట్టినరోజు విందులో గిచుకి మకోఖాని వంటింట్లోంచి పిలిపించి, ఉగాలి గుట్టా, కాల్చిన కోడీ ముందు పెట్టించాడు. లూయావాడు కోడిని ఎలా మాయం చేస్తాడో చూడండి అన్నాడు. మేనేజరు మాట కాదనలేక మకోఖా తిన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తరవాత గిచుకి స్నేహితులు వచ్చినప్పుడల్లా అదో ఆట అయిపోయింది. వంటింటి గంట మోగితే మకోఖా చేతులు తుడుచుకుని వెళ్లేవాడు, తినేవాడు, వెనక గోడ దగ్గరికెళ్లి కక్కుకునేవాడు. ఎందుకు ఒప్పుకుంటావని భార్య నలియాకా నిలదీస్తే, పిల్లల చదువులు నువ్వు చెప్పిస్తావా అని ఆమె మీదే విసుక్కునేవాడు.

ఆ ఆదివారం బుంగోమా నుంచి చర్చి ఆడవాళ్లు ఒక బస్సు నిండా వచ్చారు, అందరికీ నీలం తలగుడ్డలు. వాళ్ల భోజనం ఇక్కడే. మకోఖా వడ్డించే కిటికీలోంచి తొంగి చూశాడు. రెండో బల్ల దగ్గర అతని అత్తగారు నమరోమే కూర్చుని ఉంది. వాళ్లలో అల్లుడూ అత్తా ఎదురుపడరు, చెయ్యి కలపరు. ఆమె చూస్తుండగా ముద్ద నోట్లో పెట్టడమంటే బట్టలిప్పి నిలబడటమే. అతను కిటికీ మూసేసి, ఆ బల్లలన్నీ నువ్వే చూసుకో అని ఒగోలాని బతిమాలుకున్నాడు.

గంట మోగింది. గిచుకి స్నేహితులు కూడా వచ్చి ఉన్నారు మరి. రానని కబురు పంపితే మేనేజరే వంటింట్లోకి వచ్చాడు.

"సార్, మా అత్తగారు కూర్చుంది అక్కడ," అన్నాడు మకోఖా గొంతు తగ్గించి. "ఈ ఒక్కరోజు వదిలెయ్యండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"లూయావాడు కోడి వద్దనడం ఇదే వినడం," అన్నాడు గిచుకి. "వస్తావా, ఏప్రన్ విప్పేసి ఇంటికి పోతావా?"

మోచెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కొచ్చాడు. బల్ల మీద పళ్లెం సిద్ధంగా ఉంది. మకోఖా గోడవైపు తిరిగి నిలబడిపోయాడు. ఉన్నచోట ఉండలేడు, పారిపోలేడు. ముగ్గురు పిల్లల బడి అతని కళ్ల ముందు కదిలింది.

"లూయావాడు కోడిని ఎలా తింటాడో చూద్దామంటే, అత్తగారి ముందు సిగ్గంట అయ్యగారికి!" అని గిచుకి హాలంతా వినపడేలా అన్నాడు. స్నేహితులు పగలబడి నవ్వారు. నీలం తలగుడ్డలన్నీ కిందికి వంగాయి. అంత వయసొచ్చిన ఆడవాళ్లు కూర్చున్న చోట అనాల్సిన మాటేనా అది? ఆ పళ్లెం ఎత్తి ఆయన నెత్తిన కొట్టేవాడు ఒక్కడూ లేకపోయాడు.

కుర్చీ జరిపిన చప్పుడైంది. నమరోమే లేచి మెల్లగా నడిచొచ్చి, అల్లుడికి వీపు పెట్టి, ఆ పళ్లెం ముందు కూర్చుంది.

ఆమె తరం బుకుసు ఆడవాళ్లు కోడిని ముట్టరు. కోసి, వండి, మగవాళ్లకు వడ్డిస్తారు, ఉప్పు చూడటానికైనా నాలిక్కి రాసుకోరు. కూతుళ్లు మానేశారు ఆ పట్టింపు, తప్పులేదని పాస్టరూ చెప్పాడు. ఆమె మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఒక్క ముక్క తిన్నది లేదు.

"లూయావాళ్లు ఎలా తింటారో చూస్తానన్నావుగా నాయనా," అంది గిచుకితో. "మా అల్లుడు నా ముందు తినడు. నేను తింటాను, చూడు."

కాలు విరిచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. దిగలేదు. కళ్లవెంట నీళ్లొచ్చాయి. నీళ్లు తాగి మింగి, ఇంకో ముక్క తీసుకుంది. చర్చి ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఒగోలా ట్రే కింద పెట్టేశాడు. మకోఖా నుదురు గోడకానించి, ఆ నమిలే చప్పుడు వింటూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

గిచుకి మొహం పాలిపోయింది. "ఊరికే సరదాకి అన్నానమ్మా, వదిలెయ్యండి," అన్నాడు.

ఆమె మూతి తుడుచుకుని పళ్లెం ఇంకా దగ్గరికి లాక్కుంది.

"నవ్వు మరి నాయనా, ఆపేశావేం? ఇంకా సగం ఉంది."